భయపడినవాళ్లు ఏం అడిగారు?

(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పొద్దుటి నుంచి ఓపిగ్గా కూర్చున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారాలు.

కొత్త టెక్నాలజీ అంటే జనంలో భయం ఉంది కదా, ఆ భయంలో న్యాయం ఉందా అన్న దాని మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. అడిగినవాళ్ల మనసులో ఉన్నది ఏఐ అని నాకు తెలుసు. వెనక వరుసల్లో డిగ్రీ, ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూర్చున్నారు. "మేం చదువు ముగించేసరికి మాకు పని మిగులుతుందా?" అనే టెన్షన్ వాళ్లలో ఉంది. దాని దగ్గరికి వస్తాను. అంతకన్నా ముందు నేను ఉద్యోగ జీవితమంతా దగ్గరుండి చూసిన ఒక భయం గురించి చెప్పాలి. అది బ్యాంకుల్లోకి కంప్యూటరు వస్తుందన్న భయం.

ఇలాంటి సభల్లో మామూలుగా ఒక మాట వింటుంటాం. "రైలు వచ్చినప్పుడూ భయపడ్డారు, కరెంటు వచ్చినప్పుడూ భయపడ్డారు, కంప్యూటరు వచ్చినప్పుడూ భయపడ్డారు. చివరికి ఏమైంది? అందరం హాయిగా వాడుకుంటున్నాం. ఇప్పుడూ అంతే." వినడానికి ధైర్యంగా ఉంటుంది. కానీ ఇందులో ఒక పెద్ద లోపం ఉంది. నిజం కాకుండా పోయిన భయాల్లో చాలా వాటిని ఆపింది ఆ భయమే. భయపడినవాళ్లు ఇంట్లో కూర్చోలేదు. ధర్నాలు చేశారు, చర్చలకు కూర్చున్నారు, ఒప్పందాలు రాయించుకున్నారు, రాత్రింబవళ్లు పని చేసి తప్పులు సరిదిద్దారు. ఆ పనంతా మరిచిపోయి, "చూశారా, ఏమీ కాలేదు" అనడం వాళ్లకు చేసే అన్యాయం. అలాగే భయపడినవాళ్ల మాట ఎవరూ వినని సందర్భాలూ ఉన్నాయి. అక్కడ ఏం జరిగిందో కూడా చూడాలి.

బ్యాంకు సంగతికి వస్తాను. ఈ తరానికి అప్పటి బ్యాంకు ఎలా ఉండేదో తెలీదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఖాతాదారుడు విత్‌డ్రాయల్ ఫారం ఇస్తే గుమాస్తా టోకెన్ ఇచ్చేవాడు. ఆ తర్వాత ఎత్తితే చేతులు నొప్పి పుట్టేంత పెద్ద లెడ్జర్ తీసి, ఆ ఖాతా పేజీ వెతికి, ఎంట్రీ వేసి, బ్యాలెన్స్ రాసేవాడు. ఆఫీసరు సంతకం సరిచూసి పాస్ చేశాక కాగితం క్యాషియర్ దగ్గరికి చేరేది. ఇదంతా అయ్యేసరికి అరగంట, ఒక్కోసారి గంట. సాయంత్రం వోచర్లన్నీ కూడి డే బుక్ టాలీ చెయ్యాలి. పది పైసల తేడా వచ్చినా దొరికేదాకా ఇంటికి వెళ్లే వీల్లేదు. ఇక ఆరు నెలలకోసారి వడ్డీలు కట్టే రోజులు. వేల ఖాతాలకు చేత్తో లెక్క కట్టి, ఒకరు కట్టింది ఇంకొకరు సరిచూసేవాళ్లం. ఆ రోజుల్లో బ్రాంచి బయట చీకటి పడ్డాక కూడా లోపల లైట్లు వెలుగుతూనే ఉండేవి.

ఈ పనంతా యంత్రం చేస్తుందంటే గుమాస్తాకు మొదట వచ్చే ఆలోచన ఏమిటి? "మరి నేనెందుకు?" అనే. ఆ ఆలోచన మా తరంతో మొదలు కాలేదు. 1960ల్లోనే ఎల్ఐసీ కంప్యూటర్లు తేబోతే ఉద్యోగ సంఘాలు పెద్ద ఎత్తున అడ్డుకున్నాయి. కలకత్తాలో ఎల్ఐసీ భవనంలోకి కంప్యూటరు దిగకుండా ఉద్యోగులు కాపలా కాశారు. ఆ గొడవల తర్వాత 1969లో కేంద్ర ప్రభుత్వం ఆటోమేషన్ మీద వి.ఎం. దాండేకర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. నిరుద్యోగం ఇంతగా ఉన్న దేశంలో మనిషి పనిని యంత్రానికి ఇవ్వడం ఎంతవరకు సబబు అన్నది అప్పటి చర్చ. అప్పట్లో అది వెనకబడిన ప్రశ్న కాదు, ఇప్పుడూ కాదు.

1983 సెప్టెంబరు 8న బ్యాంకు యాజమాన్యాల తరఫున ఐబీఏ (ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్), ఉద్యోగుల తరఫున సంఘాలు యంత్రీకరణ మీద ఒక సెటిల్‌మెంట్ మీద సంతకాలు చేశాయి. ఏయే పనులకు యంత్రాలు వాడొచ్చు, ఎక్కడ వాడొచ్చు అన్నది అందులో రాసుకున్నారు. అదే సమయంలో రిజర్వు బ్యాంకు అప్పటి డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్ అధ్యక్షతన కమిటీ వేసింది. 1984లో ఆ కమిటీ నివేదిక ఇచ్చింది. బ్రాంచీల్లో మొదట లెడ్జర్‌లో ఎంట్రీలు వేసే లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు, ప్రాంతీయ కార్యాలయాల్లో చిన్న కంప్యూటర్లు, ప్రధాన కార్యాలయాల్లో పెద్దవి అన్నది ఆ పద్ధతి. 1987లో ఇంకో సెటిల్‌మెంట్, 1993లో మరొకటి జరిగాయి. ఒక్కో మెట్టు దగ్గర సంఘాలు కూర్చున్నాయి, యంత్రం మీద పని చేసేవాళ్లకు ప్రత్యేక అలవెన్స్ అడిగాయి, శిక్షణ అడిగాయి. అన్నింటికన్నా ముఖ్యంగా, యంత్రం వచ్చిందని ఏ ఉద్యోగినీ ఇంటికి పంపకూడదని పట్టుబట్టాయి.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో కంప్యూటరు వచ్చిందని ఎవరినీ ఉద్యోగం నుంచి తీసెయ్యలేదు. లెడ్జర్ ముందు కూర్చున్న మనిషే కీబోర్డు ముందు కూర్చున్నాడు. యాభై దాటినవాళ్లు కూడా నేర్చుకున్నారు. ఈ మార్పు ఇంత నెమ్మదిగా జరగడం వల్ల ఖాతాదారులు పదేళ్లపాటు అదనంగా క్యూల్లో నిలబడ్డారన్న విమర్శ ఉంది. అది నిజమే, దాన్ని కాదనను. ఆ క్యూల్లో నిలబడింది పెన్షనర్లు, రైతులు, చిన్న వ్యాపారులు. ఒక ఒప్పందానికి మూల్యం ఎప్పుడూ ఎవరో ఒకరు కడతారు. కానీ ఆ సమయం దొరకడం వల్లే లక్షల కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడకుండా పెద్ద మార్పు జరిగిపోయింది. ఈరోజు ఎవరైనా "బ్యాంకు ఉద్యోగులు అనవసరంగా భయపడ్డారు, ఎవరి ఉద్యోగమూ పోలేదు కదా" అంటే నాకు బాధ కలుగుతుంది. పోలేదు కాబట్టే అడుగుతున్నారు. పోకుండా ఎలా ఆగిందో అడగరు.

ఇక్కడే రెండో భాగం చెప్పకపోతే నేను సగమే చెప్పినట్టు. ఆ ఒప్పందాలు కాపాడింది అప్పటికే కుర్చీలో ఉన్నవాళ్లను. ఇంకా కుర్చీ దొరకని వాళ్ల సంగతేమిటి? మా కాలంలో డిగ్రీ అయిన కుర్రవాడికి బ్యాంకు క్లర్కు పరీక్ష ఒక పెద్ద ఆశ. ఊళ్లో ఒకరికి ఆ ఉద్యోగం వస్తే చుట్టాలందరికీ తెలిసేది. 2000 తర్వాత స్వచ్ఛంద పదవీ విరమణ పథకం పెడితే ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి లక్ష మందికి పైగా వెళ్లిపోయారు. 2001లో బ్యాంకింగ్ సర్వీస్ రిక్రూట్‌మెంట్ బోర్డులు మూతపడ్డాయి. చాలా ఏళ్లు గుమాస్తా నియామకాలు దాదాపు ఆగిపోయాయి. 1990ల మొదట్లో బ్యాంకు సిబ్బందిలో సగం మంది దాకా గుమాస్తాలే. ఇప్పుడు నాలుగో వంతు కూడా లేరు. ఈలోగా 2006లో రిజర్వు బ్యాంకు బిజినెస్ కరస్పాండెంట్ల విధానం తెచ్చింది. మీ ఊళ్లో చిన్న యంత్రం పట్టుకుని వేలిముద్ర తీసుకుని డబ్బిచ్చే బ్యాంక్ మిత్ర ఆ పద్ధతిలో వచ్చినవాడే. బ్యాంకు పనే చేస్తాడు, కానీ బ్యాంకు ఉద్యోగి కాడు. కమీషన్ మీద బతుకుతాడు.

అంటే 1983లో గుమాస్తా పడిన భయం ఎటు పోయింది? మాయం కాలేదు. బల్ల దగ్గర కూర్చున్నవాణ్ని వదిలి, బల్ల దగ్గర లేని వాడి మీదికి వెళ్లింది. ఆ రోజు ఇంటర్ చదువుతున్న పిల్లవాడి తరఫున ఆ గదిలో మాట్లాడినవాళ్లు లేరు. సంఘం మనిషిగా నేను చెప్పుకోవలసిన మాటే ఇది. ఒక భయం నిజమైందా లేదా అని అడిగితే సరిపోదు, ఎవరి విషయంలో నిజమైందో కూడా అడగాలి.

ఇంకో భయం. మీ అమ్మానాన్నలకు బాగా గుర్తుంటుంది. వైటూకే. పాత కంప్యూటర్లలో మెమరీ చాలా ఖరీదు కాబట్టి సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసేవాళ్లు. 1975ని 75 అని. అలా రాస్తే 2000 సంవత్సరం 00 అవుతుంది. దాన్ని యంత్రం 1900 అనుకుంటే వడ్డీలు, వయసులు, గడువు తేదీలు అన్నీ తలకిందులవుతాయి. ప్రపంచమంతా భయపడింది. విమానాలు కూలతాయని, కరెంటు పోతుందని రాశారు. 2000 జనవరి 1 వచ్చింది, తెల్లవారింది, పెద్దగా ఏమీ కాలేదు. వెంటనే "అంతా ఉత్తి హడావిడి" అన్నారు.

ఈ మాట ప్రపంచంలో ఇంకెవరైనా అనొచ్చు గానీ తెలుగువాళ్లు అనకూడదు. ఆ తప్పులు సరిదిద్దిన చేతుల్లో మనవి చాలా ఉన్నాయి. అమీర్‌పేటలో ఇరుకు గదుల్లో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష, మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ల పని నేర్చుకున్న పిల్లలు అమెరికా వెళ్లి, పాత ప్రోగ్రాముల్లో ఒక్కో లైను చదివి తేదీలు మార్చారు. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. దాని వెనక ఈ పని కూడా ఉంది. ఆ మరమ్మతుకు ప్రపంచవ్యాప్తంగా 30 వేల కోట్ల డాలర్లకు తక్కువ కాకుండా ఖర్చయి ఉంటుందని అప్పట్లో అంచనాలు వచ్చాయి. మరమ్మతు అందని చోట ఏమైందో ఒక ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో గర్భిణులకు చేసే ఒక పరీక్షలో, పుట్టబోయే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశం ఎంతో లెక్క కట్టే కంప్యూటరు తల్లి వయసును తప్పుగా తీసుకుంది. కారణం ఈ తేదీల తప్పే. 150 మందికి పైగా స్త్రీలకు తప్పు ఫలితం ఇచ్చారు. ఆ తల్లుల దగ్గరికి వెళ్లి వైటూకే ఉత్తి భయమని చెప్పగలమా?

ఇప్పుడు వినని భయం గురించి. ఇక్కడి నుంచి సిరిసిల్ల గంట ప్రయాణం. మీలో చాలామందికి అక్కడ బంధువులు ఉంటారు.

మగ్గం నేసేవాళ్లు పవర్‌లూమ్‌కి భయపడితే దాన్ని ఎవరూ తెలివితక్కువ భయం అనలేదు. ప్రభుత్వమే ఒప్పుకుని 1985లో చట్టం చేసింది. అంచు చీరలు, ధోవతులు, లుంగీలు, తువ్వాళ్ల వంటి కొన్ని రకాలు చేనేతలోనే నెయ్యాలని, పవర్‌లూముల మీద నెయ్యకూడదని అందులో ఉంది. దాని మీద మిల్లులు, పవర్‌లూమ్ యజమానులు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. తర్వాత మూడేళ్లకు ప్రభుత్వం ఆ జాబితాను 22 రకాల నుంచి 11కు కుదించింది. మిగిలిన 11 రకాలకైనా చట్టం అమలైందా? పోచంపల్లి డిజైన్ పవర్‌లూమ్ మీదా, ప్రింటులోనూ దొరకని బజారు ఈ రాష్ట్రంలో ఉందా? నేతగాడు వారాలు కూర్చుని దారానికి ముడులు వేసి, రంగులద్ది తీసుకొచ్చిన డిజైన్, నకలుగా మారి, అసలు ధరలో కొద్దిపాటికే పక్క కొట్టులో వేలాడుతూ ఉంటుంది.

1995-96 గణనలో దేశంలో చేనేత మీద ఆధారపడి పని చేసేవాళ్లు సుమారు 65 లక్షలు. 2009-10 నాటికి 43 లక్షలు. 2019-20 నాటికి 35 లక్షలు. పాతికేళ్లలో దాదాపు సగం. వీళ్లందరూ వేరే మంచి పనుల్లోకి వెళ్లారని చెప్పగలిగితే సంతోషించేవాణ్ని. ఈ జిల్లాల్లో పేపర్లు చదివినవాళ్లెవరూ ఆ మాట చెప్పలేరు. పురుగుల మందు తాగినవాళ్ల వార్తలు, ఉరేసుకున్నవాళ్ల వార్తలు మనం ఏళ్ల తరబడి చదివాం. సిరిసిల్లలోనైతే చేతి మగ్గం పోయి పవర్‌లూమ్ వచ్చింది. మగ్గం మీద కూర్చున్నవాడే సాంచాల (పవర్‌లూముల) మధ్య నిలబడి పన్నెండేసి గంటలు పని చేశాడు. కొన్నాళ్లకు వేరే రాష్ట్రాల్లో ఇంకా వేగంగా నేసే కొత్త యంత్రాలు వచ్చాయి. ఆ గుడ్డ ముందు సిరిసిల్ల గుడ్డ నిలవలేకపోయింది. యంత్రం వైపు మారినవాణ్ని కూడా ఇంకో యంత్రం దెబ్బకొట్టింది. 2017 నుంచి ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇచ్చాక కొంత ఊపిరి వచ్చింది. ఆ ఆర్డరు వచ్చిన ఏడాది పని, రాని ఏడాది పస్తు అన్నట్టుగా బతుకు ప్రభుత్వం చేతిలోకి పోయింది.

ఇంగ్లండ్‌లో 1811 నుంచి మగ్గాలు విరగ్గొట్టిన లడ్డైట్లను పుస్తకాలు యంత్రాలంటే గిట్టని మూర్ఖులుగా చూపిస్తాయి. వాళ్లు అన్ని యంత్రాలనూ విరగ్గొట్టలేదు. నాసిరకం సరుకు నేసి కూలి రేట్లు పడగొడుతున్న యజమానుల యంత్రాలనే వెతికి విరగ్గొట్టారు. వాళ్లకు సంఘం పెట్టుకునే హక్కు కూడా చట్టం ఇవ్వలేదు. 1812లో పార్లమెంటు యంత్రం విరగ్గొడితే మరణశిక్ష అని చట్టం చేసింది. బైరన్ కవి ప్రభువుల సభలో దాన్ని వ్యతిరేకిస్తూ మాట్లాడాడు. 1813లో యార్క్‌లో అనేకమందిని ఉరి తీశారు. మన గుమాస్తాకూ వాళ్లకూ ఉన్న తేడా తెలివిలో లేదు. గుమాస్తాకు కూర్చోవడానికి ఒక బల్ల దొరికింది. వాళ్లకు ఉరికంబం దొరికింది.

ఇంతవరకు విని, "అంటే ప్రతి భయాన్నీ గౌరవించాలంటారా?" అని అడగొచ్చు. లేదు. తప్పుడు భయాలు ఉన్నాయి. అవి ప్రాణాలు తీస్తాయి కూడా. 2008 సెప్టెంబరులో యూరప్‌లో పెద్ద కణ ప్రయోగం మొదలవుతుంటే, భూమి ఒక కృష్ణబిలంలోకి పోతుందని మన టీవీ ఛానెళ్లు రోజంతా చూపించాయి. అది చూసి భయపడిన మధ్యప్రదేశ్ అమ్మాయి ఒకతె ప్రాణం తీసుకుందని వార్త వచ్చింది. 2020లో కరోనాకు 5జీ కారణమని నమ్మి బ్రిటన్‌లో సెల్ టవర్లకు నిప్పు పెట్టారు.

2018 ఎండాకాలంలో మన దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. తెలంగాణలో, ఆంధ్రలో అమాయకుల్ని కొట్టారు, చంపారు. జూలై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడలో ఒకే రోజు అయిదుగురిని చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్ ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చెయ్యకుండా కట్టడి పెట్టింది. అప్పుడు గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ కానిస్టేబుళ్లను పంపి, డప్పులతో పాటలతో ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. ఫోను తెచ్చిన అబద్ధాన్ని డప్పు కొట్టి ఆపారన్నమాట. ఆవిడ చేసిన పనికి రావలసినంత పేరు రాలేదని నా అభిప్రాయం.

మరి ఏ భయం వినదగ్గది, ఏది కాదు అని ఎలా తెలుస్తుంది? నాకు అనుభవంలో ఒక గుర్తు కనిపించింది. వినదగ్గ భయం వివరంగా మాట్లాడుతుంది. ఎవరికి, ఏ నష్టం, ఏ పని దగ్గర వస్తుందో చెబుతుంది. "లెడ్జర్ పోస్టింగ్ యంత్రం వస్తే ఫలానా పని చేసేవాళ్లు మిగిలిపోతారు, వాళ్లను ఏం చేస్తారు?" అన్నది అలాంటి భయం. దాన్ని విచారించవచ్చు, జవాబు చెప్పవచ్చు. తప్పుడు భయం శత్రువును చూపిస్తుంది గానీ వివరం చెప్పదు. ఆగి కనుక్కోమనదు, వెంటనే పది మందికి పంపమంటుంది.

ఇక ఈనాటి సంగతి. ఏఐ అనగానే సినిమాల్లో మాదిరి యంత్రాలు మనల్ని ఏలడం గురించి మాట్లాడతారు. ఆ భయాన్ని నేను కొట్టి పారెయ్యను. ఈ శాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ నుంచి బయటికి వచ్చి ప్రమాదాల గురించి బహిరంగంగా మాట్లాడుతున్నారు. మరుసటి ఏడాది ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. తయారు చేసినవాళ్లే జాగ్రత్త అంటున్నప్పుడు మనం వినాలి. కానీ ఆ పెద్ద భయం చూపించి, ఇప్పటికే జరుగుతున్న నష్టాన్ని కనపడకుండా చెయ్యడం నాకు నచ్చదు.

ఇప్పటికే జరిగినదానికి మన తెలంగాణ ఉదాహరణే ఉంది. మన రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థ ఉంది. వేర్వేరు శాఖల దగ్గరున్న సమాచారాన్ని పేర్లు, చిరునామాలు పోల్చి ఒకచోట కలుపుతుంది. ఈ మనిషికి కారు ఉంది, ఈ ఇంటికి ఇంత ఆస్తి ఉంది, కాబట్టి అనర్హుడు అని తేలుస్తుంది. మన పేర్ల సంగతి మీకు తెలుసు. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో నలుగురు ఉంటారు. ఒకరి కారు ఇంకొకరి ఖాతాలో పడితే ఏమవుతుంది? బియ్యం ఆగిపోతాయి. అలా రిక్షా తొక్కిన మనిషి కారు యజమాని అయిపోయాడు. అంత్యోదయ కార్డున్న నిరుపేద కుటుంబాలు రేషన్ డీలరు దగ్గరికి వెళ్లాకే తమ పేరు లేదని తెలుసుకున్నాయి. ముందు నోటీసు లేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళితే, 2022లో కోర్టు ఆ రద్దయిన కార్డుల్ని మళ్లీ ఇల్లిల్లూ తిరిగి పరిశీలించమని ఆదేశించింది. తప్పుగా తీసేసినవాళ్లు అందులో ఉన్నారని తేలింది.

గమనించండి, అక్కడ యంత్రం తిరగబడలేదు. చాలా మామూలుగా, చెప్పిన పనే చేసింది. నష్టం జరిగింది ఎక్కడంటే, యంత్రం చెప్పినదాన్ని మళ్లీ చూసే మనిషి లేకపోవడం దగ్గర, చూడమని అడిగే చోటు పేదవాడికి లేకపోవడం దగ్గర. "కంప్యూటర్‌లో రాలేదమ్మా" అన్న మాట విని వెనక్కి వెళ్లిన ముసలమ్మను ఈ హాల్లో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. ఆ మాట అన్న ఉద్యోగి చెడ్డవాడు కాకపోవచ్చు. అతనికి కూడా అందులో ఏముందో తెలీదు, మార్చే అధికారమూ లేదు.

ఇక పిల్లల ఉద్యోగాలు. మీకు తీపి మాటలు చెప్పను. 2025 జూలైలో దేశంలోని అతిపెద్ద ఐటీ కంపెనీ సిబ్బందిలో సుమారు రెండు శాతం, 12 వేల మందికి పైగా, తగ్గిస్తానని ప్రకటించింది. కారణం ఏఐ కాదని, నైపుణ్యాలు సరిపోకపోవడమని చెప్పింది. కారణం ఏదైనా, హైదరాబాదులో ఈఎంఐలు కట్టుకుంటున్న ఇళ్లలో ఆ వారం నిద్ర ఉండి ఉండదు. కొత్తగా చేరినవాళ్లు మొదటి రెండేళ్లు చేసే చిన్న పనులే, చిన్న ప్రోగ్రాములు రాయడం, పరీక్షించడం వంటివే, ఈ కొత్త యంత్రాలకు బాగా చేతనవుతున్నాయి. నిచ్చెనలో కింది మెట్టు తీసేస్తే పైకి ఎక్కేదెలా అన్నది మీ భయం. చాలా వివరమైన భయం అది, వినదగ్గ భయం. దీనికి "కొత్త స్కిల్స్ నేర్చుకోండి" అన్న జవాబు చాలదు. నేర్చుకోవాలి, సరే. గుమాస్తాలూ నేర్చుకున్నారు. వాళ్లు నేర్చుకోగలిగింది జీతం ఆగకుండా నేర్చుకునే సమయం ఒప్పందంలో సంపాదించుకున్నారు కాబట్టి.

2023లో అమెరికాలో సినిమా, టీవీ రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. వాళ్ల డిమాండ్లలో ఏఐ ఒకటి. చివరికి ఒప్పందంలో ఏం రాయించుకున్నారంటే, ఏఐ రాసినదాన్ని రచనగా లెక్కించి రచయిత పేరును, పారితోషికాన్ని తగ్గించకూడదు. ఏఐ వాడమని రచయితను బలవంతం చెయ్యకూడదు. తాను ఇచ్చిన కాగితాల్లో ఏఐ రాసింది ఉంటే కంపెనీ ముందే చెప్పాలి. ఏఐని నిషేధించమని వాళ్లు పట్టుబట్టలేదు. 1983లో మన సంఘాలు చేసిన పనికి ఇది చాలా దగ్గర. మన ఐటీ రంగంలో లక్షల మంది పని చేస్తున్నారు. వాళ్ల తరఫున ఆ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? సంఘం అన్న మాట ఎత్తితేనే ఉద్యోగం పోతుందన్న భయం అక్కడ ఉంది. నా దృష్టిలో ఏఐ కన్నా ముందు పోవలసింది ఈ భయం. అలాగే మా తరం ఒప్పందాల్లో లోపించింది మీరు చేర్చాలి. ఇంకా ఉద్యోగంలో చేరని వాళ్ల కోసం, ఏటా ఇంతమంది కొత్తవాళ్లను తీసుకుని నేర్పించాలని కూడా అడగాలి.

మోసాల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ వీడియో, అంటే ఏఐతో ముఖం మార్చిన నకిలీ వీడియో, 2023 నవంబరులో వస్తే దేశమంతా మాట్లాడింది. రెండున్నర నెలల్లో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో నిందితుణ్ని పట్టుకున్నారు. ఆమె పేరున్న నటి కాబట్టి పోలీసులు అంత దూరం వచ్చారు. మన వీధిలో అమ్మాయికి జరిగితే కూడా అంతే వేగంగా రావాలని అడగాలి. ఇక్కడున్న రిటైర్డ్ మిత్రులకు ఒక మాట. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాంలో కనపడి "డిజిటల్ అరెస్ట్" అంటే ఫోను పెట్టెయ్యండి. మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఇక పనికి వస్తాను. గ్రంథాలయ కార్యదర్శి గారితో మాట్లాడాను. ప్రతి ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు దాకా కింది గది ఇస్తామన్నారు. రేషన్ కార్డు, పింఛను, ఇల్లు, ఏదైనా "కంప్యూటర్‌లో రాలేదు" అని ఆగిపోయినవాళ్లు అక్కడికి వస్తారు. వాళ్లకు దరఖాస్తు రాసిపెట్టాలి. ఏ సమాచారం ఆధారంగా తీసేశారో, ఏ అధికారి ఆమోదించారో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు రాయాలి. బ్యాంకు రిటైరీలం కొంతమందిమి వస్తున్నాం, మాకు ఫారాలు నింపడం అలవాటే. ఆన్‌లైన్ పోర్టళ్లు తెలిసిన పిల్లలు కనీసం పది మంది కావాలి. బయట బల్ల మీద నోట్‌బుక్ పెట్టాం. పేరు, ఫోను నంబరు, ఏ ఆదివారాలు రాగలరో రాసి వెళ్లండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వెనక వరుస వాళ్లు అడగండి.